పచ్చ పుస్తకంలో ఎర్ర రికార్డు

నిన్న నువ్వు పట్నం నుంచి తెచ్చుకున్న లక్క గాజులు బాగున్నాయి బిడ్డా, బాగాలేవని నేననను. అందులో ఒకటి చేతికి పట్టలేదని దాన్ని పొయ్యి సెగకు చూపించావు చూడు, అప్పుడు లేచింది ఆ వాసన. కాలిన చక్కెర వాసనా కాదు, కాలిన వెంట్రుకల వాసనా కాదు, రెంటికీ నడుమ. నేను వలుస్తున్న వెల్లుల్లి అక్కడే వదిలేసి వచ్చి నీ పక్కన నిలబడ్డాను. ఏమైంది అమ్మమ్మా అంటే ఏమీ లేదన్నాను. అది అబద్ధం. చిన్నప్పుడు అదే వాసన మా వంటింట్లో లేపింది నేనే. దాన్ని పోగొట్టడానికి ఆ రోజు తలుపులన్నీ తెరిచి, చెయ్యి నొప్పి పుట్టేదాకా విసనకర్రతో విసిరాను.

రాసుకుంటానన్నావు కాబట్టి చెప్తాను. నా మాటలు నువ్వు పుస్తకాల భాషలోకి దిద్దుకుంటావు, దిద్దుకో. మా బాపమ్మ మాటల జోలికి మాత్రం పోకు. అవి ఆమె అన్నట్టే ఉండాలి.

బాపమ్మ అంటే మా బాపును కన్నతల్లి, మీరనే నాయనమ్మ. ఆమెకు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. పాలు పోసే ఆమె ఎదురుగానే పాలలో వేలు ముంచి చూసేది. మా అవ్వ, అంటే మా అమ్మ, కూరలో ఉప్పు వేశానంటే వేసినట్టు కాదు, తను నాలుక మీద వేసుకుని చూస్తేనే వేసినట్టు. వానొస్తుందని రేడియోలో చెబితే వాకిట్లోకి వెళ్ళి చీమలు ఎటు పోతున్నాయో చూసి వచ్చి, అప్పుడు వడ్లు లోపల పెట్టించేది.

మా ఇల్లు సుల్తానాబాద్‌లో సడక్ పక్కనే ఉండేది. ఇంట్లోకి రాగానే కొత్త వడ్ల వాసన, దాని వెనక ఎండుమిరపకాయల ఘాటు. సడక్ వైపు ఒక అర్ర, మీరనే గది, ఖాళీగా ఉండేది. ఒక ఎండాకాలం చివర మా బాపు దాన్ని బ్యాండు మాస్టర్ సాబ్‌కు ఇచ్చాడు. మా మేనత్త పెళ్ళికి ఊరేగింపులో బ్యాండు వాయించింది ఆయనే. సన్నగా, పొడుగ్గా, అరవైకి దగ్గరగా ఉండేవాడు. నవాబుల నాటి పాత సర్కారు ఫౌజులో బ్యాండు ఉండేదట, అందులో క్లారినెట్టు వాయించేవాడు. ఆ ఫౌజు పోయాక పెళ్ళిళ్ళ బ్యాండు పెట్టుకుని ఊరూరా తిరిగాడు.

ఆయన సామాను నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఒక మంచం, క్లారినెట్టు పెట్టె, చావీ తిప్పే గ్రామఫోను, విడిగా కొన్ని పెళ్ళి పాటల రికార్డులు, ఇంకా రెండు పెద్ద అట్ట పుస్తకాలు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. తెరిస్తే కాగితాలకు బదులు సంచుల్లాంటి అరలు, ఒక్కో అరలో ఒక్కో రికార్డు. మిగతా సామాను ఎడ్లబండిలో వేసి, ఈ రెండు పుస్తకాలను మాత్రం ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

"మూడు పుస్తకాలుండె పటేలా," అన్నాడు మా బాపుతో. "ఇల్లు మారినప్పుడల్ల పగులుకుంటొచ్చినయ్. ఒకటి మొత్తమే పోయింది. ఇగ మారే ఓపిక నాకు లేదు, ఇంకోపారి బండెక్కే ఓపిక వీటికి లేదు."

ఆ మాట నేను విన్నాను. బాపమ్మ కూడా విన్నది. ఆమె అడిగింది ఒకటే. "ఇల్లిల్లు ఎందుకు మారుతుండట?"

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కదా, బ్యాండు వాళ్ళకు పనుండదు. మాస్టర్ సాబ్ మధ్యాహ్నం నమాజు చేసుకుని, తలుపు దగ్గరేసి, గ్రామఫోను పెట్టేవాడు. అది మాటలు లేని పాట. డెబ్బయి ఎనభై మంది ఒకేచోట కూర్చుని వాయిస్తారట. మొత్తం నలభై నిమిషాలు. రికార్డుకు ఒక్కో వైపు నాలుగు నిమిషాలే పడుతుంది, అందుకని ఐదు రికార్డులు, పది వైపులు. పచ్చ పుస్తకంలో ఉన్నదీ ఆ పాటే, ఎర్ర పుస్తకంలో ఉన్నదీ ఆ పాటే. వాయించింది వేరే వేరే దేశాల వాళ్ళు, వాళ్ళను నడిపించిన మాస్టర్లూ వేరే. ఆయన ముందు పచ్చదాంట్లోది ఒక వైపు పెట్టేవాడు, తర్వాత ఎర్రదాంట్లోంచి అదే ముక్క. మధ్యలో జేబు గడియారం చూసి ఒక చిన్న బుక్కులో ఏదో రాసుకునేవాడు.

ఇంక మా బాపమ్మకు ఏం కావాలి.

"గాయిన తలుపెందుకు ఏసుకుంటుండురా?" అని మా బాపును అడిగింది.

"దుమ్ము పడ్తదట అవ్వా." మా బాపు కూడా వాళ్ళమ్మను అవ్వ అనే పిలిచేవాడు.

"దుమ్ము రాకుంటనా, మనం రాకుంటనా?"

"నీకన్నీ అనుమానాలే."

"ఒక్కటే పాట రెండుమాట్ల ఎందుకు పెడ్తుండు?"

"రెండు వేరువేరట."

"నాకు చెవులు లెవ్వా? ఒక్కటే. పైంగ గడియారం సూసి రాసుకుంటుండు. పాట ఇనేటోనికి గడియారంతోని ఏం పని? సర్కారుకు పంపుతుండు."

"ఏం పంపుతడు? మనింట్ల ఏమున్నది పంపెతందుకు?"

"గదే నాకు ఎరుకైతలేదు," అంది బాపమ్మ.

ఆ రోజుల్లో ఊళ్ళో అందరికీ అందరి మీదా అనుమానమే అనుకో. అంతకు కొంచెం ముందే బళ్ళు మూతపడి, సడకుల మీద లాఠీలు తిరిగి, ఎవరింట్లో ఎవరున్నారని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పాత ఫౌజు అనే మాట మా బాపమ్మకు ముందే పడదు. అందుకని ఆమె ఒక ఉపాయం చేసింది. రోజూ మధ్యాహ్నం చాటలో పెసర్లు పోసుకుని, మాస్టర్ సాబ్ కిటికీ కింద పీట వేసుకుని కూర్చునేది. ఆ నెలలో మా ఇంట్లో పెసర్లు ఎన్నిసార్లు ఏరామో చెప్పలేను. ఏరినవే ఏరింది.

నన్ను లోపలికి పంపేది. "మక్కగారెలు ఇచ్చినట్టు ఇచ్చి అంత సూసి రా." వానల్లో లేత మొక్కజొన్న కంకులు వలిచి, పచ్చిమిరపకాయ వేసి రుబ్బి, మా అవ్వ వేసే గారెలు. పళ్ళెం మీద ఆకు కప్పి తీసుకుపోయేదాన్ని. మాస్టర్ సాబ్ ముందు చేతులు కడుక్కుని, తుడుచుకుని, తర్వాత గారె తీసుకునేవాడు. నూనె చేత్తో రికార్డు ముట్టుకోకూడదట.

"గిది ఆహిస్తావాలా," అని పచ్చ పుస్తకం చూపించేవాడు, అంటే నిదానంగా వాయించేవాడని. "గిది జల్దీవాలా," అని ఎర్రది, అంటే వేగంగా వాయించేవాడని. "మా ఫౌజుల ఒక తెల్లదొర ఉండె బేటీ, బ్యాండు నేర్పేటోడు. పోయేటప్పుడు గివి నాకిచ్చి, ఇద్దర్ల ఎవరు మంచిగ కొట్టిండ్రో విని తేల్చుకో అన్నడు. ఇరవై ఏండ్లయింది. ఒక దినం గీయిన, ఒక దినం గాయిన. తేలుతలేదు."

"ఎవర్నన్న అడగరాదుండ్రి?"

"ఎవరిని అడుగుత? మా బ్యాండోళ్ళు పెండ్లి పాటలకే చెవి ఇస్తరు." రికార్డు నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడు. దేంతోని చేస్తరో ఎరుకేనా? లక్కతోని. నీ గాజులది, దీనిది ఒక్కటే లక్క."

ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోకపోతే బాగుండేది.

బయటికి రాగానే బాపమ్మ విచారణ. ఏం జూసినవ్, ఏమన్నడు, మంచం కింద ఏమున్నది. మంచం కింద చెప్పులున్నాయన్నాను. ఎన్ని జతలు అని అడిగింది.

పొద్దున పూట ఆమె నాట్ల దగ్గర ఉండేది, నేనూ వెంట పోయేదాన్ని. నాట్లు వేసే ఆడవాళ్ళను ముందుండి పాటతో నడిపించే ఆమె ఒకరుంటుంది. మా మళ్ళల్లో ఇద్దరుండేవారు. ఒకామె మా ఊరామె, ఇంకొకామె చెన్నూరు నుంచి కోడలిగా వచ్చినామె. పాట ఒకటే, ఇద్దరూ వాళ్ళ తల్లుల దగ్గర నేర్చుకున్నదే. మా ఊరామె పాడితే పాట ఉరికేది, పొద్దెక్కేసరికి మడి అయిపోయేది. చెన్నూరామె ప్రతి మాటనూ సాగదీసేది, మధ్యాహ్నమైనా సగం మడి మిగిలేది. ఏ మడికి ఎవరిని పంపాలో బాపమ్మే చెప్పాలి.

"పాట ఉరికితే చెయ్యి ఉరుకుతది. చెయ్యి ఉరికితే నారు పైపైన కూసుంటది. నాల్గొద్దులకు నీళ్ళమీద తేలుతది," అనేది. అందుకని లోతు మళ్ళకు చెన్నూరామె. వాన మీదికొస్తున్న రోజు మాత్రం ఉరికే ఆమె. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని పాట వినడంతోనే ఎవరి చెయ్యి తప్పిందో చెప్పేది.

ఒక రోజు సైకిలు మీద పోతున్న పోలీసు జవాను ఒకాయన మా ఇంటి ముందు ఆగి, లోపల ఇంగ్లీషు పాట పెట్టేదెవరని అడిగి పోయాడు. ఉట్టిగనే అడిగాడో, పనిమీద అడిగాడో తెలీదు. బాపమ్మకు అది చాలు.

"నాట్లయినంక అర్ర ఖాళీ చెయ్యమను," అంది మా బాపుతో.

"పాపం, ముసలాయన. మల్ల బండెక్కితే గవి పగుల్తయి."

"పగిలేటియి పెట్టుకొని మనింటికి ఎందుకొచ్చిండు?"

మా బాపు తల వంచుకుని పోయి చెప్పాడు. మాస్టర్ సాబ్ "అచ్ఛా పటేలా" అన్నాడు, అంతే. మరునాటి నుంచి వరిగడ్డి, పాత గుడ్డలు పోగు చేయడం మొదలుపెట్టాడు. పుస్తకాలు పట్టేంత పెట్టె ఒకటి సంపాదించి, అడుగున గడ్డి పరిచి, ఒత్తి చూసి, మళ్ళీ తీసి మళ్ళీ పరిచేవాడు.

అవి వెళ్ళిపోతాయంటే నాకు ఆశ పుట్టింది, ఒక్కసారి నా చేత్తో పెట్టి చూడాలని. శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకు పోయాడు. ఇంట్లో వాళ్ళంతా మళ్ళ దగ్గర ఉన్నారు. నేను అర్రలోకి పోయి పచ్చ పుస్తకంలోంచి మూడో రికార్డు తీశాను. నేను అనుకున్న దానికంటే బరువుంది. చేతిలోంచి జారి మంచం కోడుకు తగిలింది. ముక్కలు కాలేదు, అడ్డంగా ఒక చీలిక పడింది.

అప్పుడు ఏడిచి చెప్పేస్తే అయిపోయేది. నాకు మా గాజులామె గుర్తొచ్చింది. చిట్లిన లక్క గాజును ఆమె నిప్పుల మీద చూపి, రెండు వేళ్ళతో నొక్కి అతికించేది. గీత కూడా కనిపించేది కాదు. నీ గాజులది, దీనిది ఒక్కటే లక్క అని ఆయనే చెప్పాడు కదా. వంటింట్లో పొయ్యి కింద ఇంకా నిప్పులున్నాయి. రికార్డును రెండు చేతులతో పట్టుకుని సెగకు చూపించాను.

మొదట మెత్తబడింది. అతుకుతుందని సంతోషపడ్డాను. అంతలోనే అంచు పైకి లేచింది, ఇంకో అంచు కిందికి వాలింది, నడుమ బుడగలు వచ్చాయి. వాసన ఇల్లంతా నిండింది. చూస్తుండగానే నూనెలో వేసిన అప్పడంలా తయారైంది. దాన్ని తీసుకుపోయి వడ్లు పోసే గుమ్మిలో మోచేతి లోతు దించి దాచాను. ఎర్ర పుస్తకంలోంచి మూడోది తీసి పచ్చ పుస్తకం అరలో పెట్టాను. పాట ఒకటే కదా, ఎవరికి తెలుస్తుందనుకున్నాను. ఎర్ర పుస్తకంలో ఖాళీ కనిపించకుండా అక్కడున్న పెళ్ళి పాటల రికార్డు ఒకటి దూర్చాను.

సాయంత్రం కిటికీలోంచి చూస్తే మాస్టర్ సాబ్ ఆ పెళ్ళి పాటల రికార్డు చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పచ్చ పుస్తకం తెరిచి మూడో అర చూశాడు. మళ్ళీ రెండూ నేను పెట్టిన చోటే పెట్టేశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

అడిగితే బాగుండేది. ఆయన చూసిన ప్రతి చూపూ నా మీదే అనిపించింది. మా బాపుతో మాట్లాడితే నా గురించే చెప్తున్నాడనుకున్నాను. అన్నం సహించలేదు. బాపమ్మ నా నుదురు పట్టి చూసి, కళ్ళు లాగి చూసి, కిటికీ వైపు చూసింది.

"గా అర్రలకు పోయొచ్చినప్పటిసంది పోరి గిట్లనే ఉన్నది. గాయిన ఏదో పెట్టిండు. నాట్లు అయ్యేదాక ఆగేది లేదు, రేపే పంపు."

తప్పు నాది, ఇల్లు పోయేది ఆయనకు. నాకు అర్థమైంది. మా బాపు బండి మాట్లాడడానికి పోయాడు.

ఆ మధ్యాహ్నం మాస్టర్ సాబ్ పెట్టె కట్టేముందు పచ్చ పుస్తకం పెట్టుకున్నాడు. బాపమ్మ మామూలుగానే కిటికీ కింద పెసర్లతో ఉంది. నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. మొదటి రికార్డు రెండు వైపులూ అయ్యాయి. రెండోదీ అయింది. పాట నిదానంగా, ఒక్కో అడుగూ చూసి వేస్తున్నట్టు నడుస్తోంది. మూడోది పెట్టాడు. సూది గీరుకుంది. పాట ఒక్కసారిగా పరుగందుకుంది.

బయట చాట చప్పుడు ఆగిపోయింది. బాపమ్మ లేచి, తలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆ అర్రలో ఆయన దిగినప్పటి నుంచి ఆమె కాలు పెట్టడం అదే మొదలు.

"ఆపు," అంది. "గిది గీ పుస్తకంలది కాదు. గా ఎర్రదాంట్లది."

మాస్టర్ సాబ్ చెయ్యి సూది మీదే ఉండిపోయింది. "మీకెట్ల ఎరుకైందమ్మా?"

"నెల దినాలసంది ఇంటున్న, చెవిటిదాన్ననుకున్నవా? మొదలు కొట్టినాయన నిదానస్తుడు, ఒక కాలు దిగినంకనే ఇంకో కాలు లేపుతడు. ఇప్పుడొచ్చినోడు ఉరికేటోడు. పైంగ అంతకుముందు ఇన్న ముక్కనే మల్ల జర కొట్టిండు. మంచిగ నాటిన మడిల నడుమ రెండు సాళ్ళు ఎవతో వచ్చి గబగబ గుచ్చిపోయినట్టున్నది. అందులది ఇందుల కలిపి ఎవలను మోసం జేస్తున్నవ్?"

ఆయన నా వైపు చూడలేదు. నేను అక్కడే ఉన్నానని తెలిసీ చూడలేదు. "పాతది నా చేతుల పగిలిందమ్మా. బ్యాండుల ఒకడు రాకుంటే పెండ్లి ఆపుతమా? వేరేటోన్ని నిలబెడ్తం. అట్ల పెట్టిన."

"నీ చేతుల పగల్లే. నువ్వు రికార్డు పట్టేది సూస్తలేనా? బాలింత బిడ్డను పట్టినట్టు పడ్తవ్. పగిలితే ముక్కలేవి?"

ఆయన దగ్గర ముక్కలు లేవు. అలా నిలబడ్డాడు, ఏమీ చేయనివాడు దొంగలా. నాకు అది చూడబుద్ధి కాలేదు.

"గుమ్మిలున్నది బాపమ్మా," అన్నాను.

ఆమె పోయి, గుమ్మిలో భుజం దాకా చెయ్యి పెట్టి, దాన్ని పైకి లాగింది. వడ్ల గింజలు అతుక్కుని ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూసింది.

"అప్పడం జేసినవ్ గదనే."

"గాజులామె అతికిస్తది కదా. లక్కనే అన్నడు కదా మాస్టర్ సాబ్."

వీపు మీద ఒకటి పడింది. రెండోది పడకముందే మాస్టర్ సాబ్ అడ్డమొచ్చాడు. "కొట్టకుండ్రి అమ్మా. లక్క అని చెప్పింది నేనే." ఆ అప్పడాన్ని చేతుల్లోకి తీసుకుని, మంచం మీద కూర్చుని, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నాకు వీపు నొప్పి తెలియలేదు, ఆయన అలా కూర్చోవడమే ఎక్కువ నొప్పి పెట్టింది.

అంతలో మా బాపు వచ్చాడు. "బండి తెల్లారంగనే వస్తది," అన్నాడు.

"బండెందుకురా?" అంది బాపమ్మ.

"నువ్వే కదనే అవ్వా పంపుమన్నవు."

"మనింట్ల పాడు చేసి మనమే బయటికి తోలుతమా? ఉండనియ్యి. నా కండ్లముంగటుంటేనే నాకు నిమ్మలం. ఎటో పోతే ఏం జేస్తుండో ఎట్ల ఎరుకైతది?"

మాస్టర్ సాబ్ తల ఎత్తాడు. మెల్లగా, బళ్ళో పిల్లవాడు పంతులును అడిగినట్టు అడిగాడు. "అమ్మా, ఒక్క మాట. ఇద్దర్ల ఎవరు మంచిగ కొట్టిండ్రు?"

బాపమ్మ కొంగు సర్దుకుని, పీట తెప్పించుకుని, ఆ అర్రలోనే కూర్చుంది. "ఇద్దరి మీద నాకు నమ్మకం లేదు. మొదటిసంది మల్ల పెట్టు."

నేను పెళ్ళయి చొప్పదండి వచ్చేదాకా మాస్టర్ సాబ్ ఆ అర్రలోనే ఉన్నాడు. ప్రతి ఆషాఢంలో వాళ్ళిద్దరికీ అదే పని. తలుపు మాత్రం తెరిచే ఉండేది. ఎండ కాసిన రోజు బాపమ్మ నిదానస్తుడు నయమనేది, మబ్బు పట్టిన రోజు ఉరికేవాడే నయమనేది. ఎక్కువ తగవు ఆ కాలిపోయిన రికార్డు మీదే. ఆహిస్తావాలా ఆ చోట ఎలా వాయించాడో ఆమె ఒకలా చెప్పేది, ఆయన ఒకలా. పెట్టి చూసుకోవడానికి అది లేదు, దాని చోట ఎర్ర పుస్తకంలోదే పెట్టుకునేవాళ్ళు. మీరు మర్చిపోయిండ్రు అని ఆయన, నువ్వు ఇననే ఇనలేదు అని ఆమె. వింటూ మూల కూర్చోవడమే నాకు వేసిన శిక్ష. అది శిక్ష అని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇద్దరూ పోయారు. ముందు ఆమె, తర్వాతి వానాకాలానికి ఆయన. ఆ పుస్తకాలు ఎవరి చేతుల్లోకి పోయాయో తెలీదు.

తర్వాత చాలా ఏళ్ళకు మీ అమ్మ ఆ పాట మొత్తం ఉన్న క్యాసెట్టు తెచ్చి పెట్టింది. ఆ తర్వాత ఇంకొకరు వాయించింది కూడా తెచ్చింది. అన్నీ విన్నాను, గొప్పగానే వాయిస్తారు. కానీ నాకు ఇష్టమైనది ఏదని అడిగితే అది వీటిలో లేదు. నాలుగు వైపులు నిదానంగా నడిచి, రెండు వైపులు ఎవరో తరిమినట్టు ఉరికి, మళ్ళీ ఏమీ జరగనట్టు నిదానంగా నడిచేది. అలా వాయించినవాళ్ళు ఏ దేశంలోనూ లేరు. అది మా ముందటి అర్రలో మాత్రమే ఉండేది. ఇప్పటికీ ఎవరు పెట్టినా ఆ చోటు దగ్గరపడగానే నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాను, ఇప్పుడు ఉరుకుతారు, ఇప్పుడు ఉరుకుతారని. వాళ్ళు ఉరకరు. ఎంత పెద్దవాళ్ళయినా సరే, అక్కడ ఏదో తప్పు వాయిస్తున్నారనే నా అనుమానం.